కెమేరాలో బొమ్మ వస్తుంది, రికార్డు ఎందుకు లేదు?

కొట్టంలో కట్టేసిన ఎనుము తెల్లవారేసరికి పలుపుతో సహా లేకపోతే, మొదట గుర్తుకు వచ్చేది గోడ మీది కెమేరా. సెల్‌ఫోన్ తీసి చూస్తే ఖాళీ గుంజ స్పష్టంగానే కనిపిస్తుంది. రాత్రి రెండు గంటలప్పుడు ఎవరు వచ్చారో చూద్దామంటే మాత్రం అక్కడ ఏమీ ఉండదు. బ్రహ్మంగారిమఠం ప్రాంతంలో ఇంటి దగ్గర, కొట్టం దగ్గర, పాల సేకరణ కేంద్రంలో కెమేరాలు పెట్టుకొన్న సభ్యులకు ఉపయోగపడుతుందని ఈ విషయం కొంత వివరంగా రాస్తున్నాము.

బొమ్మ చూపించడం ఒక పని, దానిని దాచి ఉంచడం వేరొక పని. మన సంఘంలో పాలు కొలిచేవారు ఒకరు, పుస్తకంలో రాసేవారు ఒకరు ఉంటారు. కొలిచేవారు వచ్చి రాసేవారు రాకపోతే పాలు డబ్బాలో పడతాయి గాని సభ్యుని పేరున లెక్క ఉండదు. కెమేరా సంగతీ ఇంతే. ఫోన్లో బొమ్మ వస్తున్నది గనుక రికార్డు కూడా అవుతున్నదని అనుకోరాదు.

రాసే చోటు కెమేరాను బట్టి మారుతుంది. వైఫై కెమేరాలలో గోరంత మెమరీ కార్డు ఉంటుంది. నాలుగైదు కెమేరాలు కలిపిన చోట డి.వి.ఆర్. పెట్టె, అందులో హార్డ్ డిస్కు ఉంటాయి. కొన్ని కంపెనీలు నెలకు ఇంత అని రుసుము తీసుకొని తమ దగ్గరే దాస్తాయి. ఆ గడువు తీరితే బొమ్మ వస్తూనే ఉంటుంది, దాచడం మాత్రం ఆగిపోతుంది. కార్డు గాని డిస్కు గాని ఉంటే రికార్డుకు ఇంటర్నెట్ అవసరం లేదు. రీఛార్జి అయిపోయి ఫోన్లో బొమ్మ రాకపోయినా లోపల రాత సాగుతూ ఉండవచ్చు. కనుక కార్డు తీసి చూడకుండా ఆశ వదులుకోవద్దు.

ముందుగా తేదీ చూడండి. డి.వి.ఆర్. లోపల చేతి గడియారంలో ఉండేలాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కు పోతుంది. కొన్ని పెట్టెలు 1970 జనవరి 1 అని, కొన్ని 2000 జనవరి 1 అని చూపుతాయి. అప్పుడు నిన్నటి రాత్రి రికార్డు ఆ పాత తేదీ కింద ఉంటుంది. మనము నిన్నటి తేదీలో వెదికి లేదనుకొంటాము. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారి ఊళ్లో కాలం తెలియని పెట్టె పెట్టుకోవడం మనకు తగదు. ఆ బ్యాటరీ ఖరీదు కొద్దిపాటిదే, మెకానిక్ నిమిషాల్లో మారుస్తాడు.

తేదీ సరిగా ఉంటే కార్డు సంగతి చూడాలి. మెమరీ కార్డు మీద రాసి చెరపడానికి ఒక హద్దు ఉంది. రాత్రింబవళ్లు రాస్తూ ఉంటే మామూలు కార్డు త్వరగా అరిగిపోతుంది. రేకుల కప్పు కింద మన కడప జిల్లా ఎండ దానికి తోడు. అరిగిన కార్డు పాతది చూపిస్తుంది గాని కొత్తది రాయదు. కెమేరాల కోసమే ఎక్కువ మన్నికతో చేసిన కార్డులు దొరుకుతాయి, అవే కొనాలి. మీ కెమేరా ఎంత పెద్ద కార్డు తీసుకొంటుందో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొత్త కార్డును కెమేరాలో పెట్టి అక్కడే ఫార్మాట్ చేయాలి. డి.వి.ఆర్.లో అయితే మెనూలో హార్డ్ డిస్కు స్థితి చూడవచ్చు. డిస్కే కనిపించకపోయినా, లోపం చూపినా పెట్టె ఆపి తీగలు బిగించి మళ్లీ చూడండి. ఫార్మాట్ చేయమని అడిగితే తొందరపడి సరే అనవద్దు. పోయిన రాత్రి రికార్డు అందులో ఉంటే దానితో చెరిగిపోతుంది.

పగలు రికార్డై రాత్రి కాకపోవడం మరొక రకం. చీకటి పడగానే కెమేరాలోని పరారుణ దీపాలు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది. 12 వోల్టుల అడాప్టర్ బలహీనపడినా, సన్నని తీగ దూరం లాగినా ఆ భారం మోయలేక కెమేరా ఆరిపోయి మళ్లీ వెలుగుతూ ఉంటుంది. దొంగకు కావలసిన వేళలోనే అది కళ్లు మూస్తుంది. పొద్దు గూకేటప్పుడు పది నిమిషాలు బొమ్మను గమనిస్తే ఈ లోపం బయటపడుతుంది. అద్దం మీద సాలెగూడు ఉంటే ఆ దీపపు వెలుగు దానిపై పడి బొమ్మంతా తెల్లబడుతుంది. వారానికొకసారి మెత్తని పొడిగుడ్డతో తుడవాలి.

కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డు చేసే ఏర్పాటు కొట్టానికి అంతగా పనికిరాదని మా అభిప్రాయం. తోకలు ఊపడం, దీపం చుట్టూ పురుగులు, దోమలకు పెట్టిన పొగ అన్నీ దానికి కదలికలే. కార్డు వీటితోనే నిండుతుంది. అదే పెట్టుకోవాలనుకొంటే గమనించే భాగాన్ని వాకిలి వరకే గీసుకోండి. గొడ్డు కొమ్ము తగిలి కెమేరా పక్కకు తిరిగితే ఆ గీత గోడ మీద పడి అసలేమీ రికార్డు కాదు.

ఇక, అంతా సరిగా పనిచేసే కెమేరాలో కూడా రికార్డు పోయే మార్గం ఉంది. నిండగానే పాతది చెరిపి కొత్తది రాయడం దాని పద్ధతి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాసే కెమేరా రోజుకు 21 జి.బి. పైగా వాడుతుంది. 32 జి.బి. కార్డులో నిలిచేది ఒకటిన్నర రోజు మాత్రమే. అటువంటివి 4 కెమేరాలుంటే 1 టి.బి. డిస్కు సుమారు 11 రోజులు వస్తుంది. దూడ తప్పిపోయిందేమోనని బీళ్లలో రెండు రోజులు వెదికి, ఆ తర్వాత కార్డు చూస్తే అసలు రాత్రి చెరిగిపోయి ఉంటుంది. సేకరణ కేంద్రంలో వెన్న శాతంపై తగాదా వచ్చినప్పుడు కూడా నెలాఖరు బట్వాడా దాకా ఆగితే ఇదే అవుతుంది. అనుమానం వచ్చిన రోజే కార్డు తీసి పక్కన పెట్టి కొత్తది వేయండి; డి.వి.ఆర్. అయితే ఆ వేళ రికార్డును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.

వైశాఖ శుద్ధ దశమి ఆరాధనకు ఇంటిల్లిపాదీ మఠానికి పోయే ముందు, పెళ్లికి ఊరు వెళ్లే ముందు, నిన్న రాత్రి రెండు గంటల రికార్డును ఒకసారి తెరిచి ఆడించి చూడండి. అది ఆడితే తేదీ, కార్డు, రాత్రి కరెంటు మూడూ సరిగా ఉన్నట్టే.

దొంగతనం జరిగి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చేటప్పుడు, తెరను సెల్‌ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపిన ముక్కతో సరిపెట్టవద్దు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఇటువంటి రికార్డును కోర్టులో దాఖలు చేసేటప్పుడు దానితో ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం సాధనం ఎవరి ఆధీనంలో ఉందో వారు, మరొక భాగం నిపుణుడు సంతకం చేయాలి. అసలు కార్డును కత్తిరింపులు లేకుండా అట్లే భద్రపరచండి. కెమేరా గడియారం తప్పు చూపుతున్నట్లయితే వెంటనే దిద్దక, అసలు సమయానికి దానికి ఎన్ని నిమిషాలు తేడా ఉందో ముందుగా కాగితం మీద రాసి తేదీ వేసి ఉంచుకోండి.