వే పౌడరు: ఒంటబట్టేదెంత?

పోయిన ఆదివారం మాలూరులో మా అక్క ఇంటికి పోయినాను. గూట్లో దేవుడి పటం పక్కనే పెద్ద నల్ల డబ్బా. వే ప్రోటీనంట. మేనల్లుడికి ఇరవై రెండేళ్లు, 60 కిలోలుంటాడు. మిల్లు షిఫ్టు దిగి నేరుగా జిమ్ముకు పోతాడు. రోజుకు నాలుగు స్కూపులు తాగుతున్నాడు. "ఎంత తాగితే అంత కండ మామా" అన్నాడు. డబ్బా కొన్న నెల నుంచి చెల్లెలికి తెచ్చే అర లీటరు పాలు ఆపేసినామని అక్క వంటింట్లో మెల్లగా చెప్పింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. అందుకే కాగితం, పెన్ను తీసుకొని వాడి పక్కన కూర్చున్నాను.

వే అంటే మరేం కాదు, పాలు విరిచి చీజు చేసినాక మిగిలే తేటనీళ్లు. ఇంట్లో పాలు విరిగితే మా అమ్మ ఆ తేటను చారులో పోసేది. కంపెనీలు దాన్నే వడగట్టి, ఎండబెట్టి పొడి చేస్తాయి. ఒక స్కూపులో సుమారు 25 గ్రాముల ప్రోటీను. సరుకు మంచిదే, తొందరగా అరుగుతుంది.

అయితే అరగడం వేరు, కండకు పట్టడం వేరు. తాగింది దాదాపు అంతా రక్తంలోకి పోతుంది. కండకు మాత్రం ఒక పూటకు దగ్గర దగ్గర 20 నుంచి 30 గ్రాములు చాలంటారు. మిగిలింది ఒళ్లు అన్నంలాగే ఖర్చు పెట్టుకుంటుంది, లేకుంటే కొవ్వుగా దాస్తుంది. అందులోని నైట్రోజను యూరియాగా మారి మూత్రంలో పోతుంది. ఆ చాకిరీ కిడ్నీలది. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ డబ్బా ముట్టుకోరాదు.

మరి రోజుకెంత కావాల? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాములు. మనలాగా గింజల తిండి మీదే ఆధారపడేవాళ్లకు 1 గ్రాము. బరువులెత్తేవాళ్లకైనా 1.6 గ్రాములు దాటితే కండకు అదనంగా ఒరిగేదేం లేదని 2024లో ఆ సంస్థే చెప్పింది. కండల కోసం పొడులు వద్దని కూడా చెప్పింది.

వాడి తిండి రాసినాము. సంగటికి రాగిపిండి 200 గ్రాములు, అందులో 14. బియ్యం 150, అందులో 11. ఉలవలు 50, అందులో 11. రెండు గుడ్లకు 12. శనక్కాయ విత్తనాలు 50, అందులో 12. మొత్తం 60 గ్రాములు! వాడికి కావలసినంత ఇంట్లోనే ఉంది. రాగుల్లో తక్కువున్న లైసిను ఉలవల్లో ఉంటుంది. సంగటికి ఉలవచారు తోడు పెట్టిన పెద్దలకు ఆ పేరు తెలియదు కానీ, జత మాత్రం కుదిరింది.

బరువులెత్తుతాడు కాబట్టి 1.6 లెక్కే వేద్దామన్నా 96 గ్రాములు. అంటే ఇంకో 36, ఒకటిన్నర స్కూపు. వాడు తాగేది నాలుగు. దినామూ రెండున్నర స్కూపులు ఊరికే పోతున్నాయి.

తర్వాత చెల్లెలి లెక్క. ఆ వయసు ఆడపిల్లకు రోజుకు 43 గ్రాములు కావాల. ఆపేసిన అర లీటరు పాలలో 16 ఉన్నాయి.

వాడు ఆ అంకెను చాలాసేపు చూసినాడు. ఒక స్కూపుకు దిగుతానన్నాడు, అదీ జిమ్ముకు పోయిన రోజే. డబ్బాలో ఇంకా సగముంది. పాల ప్యాకెట్టు మాత్రం సోమవారం పొద్దున్నే వచ్చిందని అక్క ఫోను చేసింది.