గోరుకు తగలని గీత.. చేత్తోనే పోతుంది!

కారుకు గీత పడితే మన ఒంటి మీద పడ్డట్టే ఉంటుంది. అందులోనూ అది ఈఎంఐ కడుతున్న మొదటి కారైతే ఇక చెప్పనక్కర్లేదు. పార్కింగ్‌లో బైక్ హ్యాండిల్ రాసుకుపోయినా, డోర్ తీస్తుంటే ఉంగరం తగిలినా చుట్టూ వినిపించే సలహాలు రెండే. ఒకటి, ‘టూత్‌పేస్ట్ రాసెయ్’. రెండోది, ‘షాపులో ఇచ్చెయ్, డోర్ మొత్తం పెయింట్ కొట్టేస్తారు’.

ఈ రెండింటికీ మధ్యలో ఇంకో దారి ఉంది. నా నల్ల కారుకు కొన్నేళ్లుగా నేను చేస్తున్నది అదే. చిన్న పాలిష్ డబ్బా, స్పాంజ్ ప్యాడ్, మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, ఆదివారం పొద్దున ఓ గంట టైమ్. మెషీన్ అక్కర్లేదు. కాకపోతే ముందుగా ఒక్క విషయం బుర్రకెక్కాలి. గీతను మనం తుడిచెయ్యం, దాని చుట్టూ ఉన్న పై పొరను కొంచెం అరగదీస్తాం.

వెంట్రుక కన్నా పలచన

కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపై ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగు లేని క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చాలా కార్లలో ఇవన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. క్లియర్ కోట్ ఒక్కటే అయితే 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే మెరుపంతా వెంట్రుక కన్నా పలచటి పొరలోనే ఉందన్నమాట.

సన్న గీతలు పడేది ఈ పొరలోనే. గీత అంచుల దగ్గర వెలుగు చెదిరిపోతుంది కాబట్టి అది తెల్లగా కనిపిస్తుంది. పాలిష్‌లోని మెత్తటి రాపిడి పొడి ఆ అంచుల్ని నున్నగా చేస్తే గీత కంటికి కనపడదు.

క్లియర్ కోట్‌ను బ్యాంకు ఖాతా అనుకోండి. తీయడమే తప్ప మళ్లీ వేయడం ఉండదు. అందుకే ఎంత తక్కువ తీస్తే అంత మంచిది.

ముందు మూడు పరీక్షలు

కారును షాంపూతో కడిగి ఆరబెట్టాక, గీతకు అడ్డంగా గోరుతో మెల్లగా గీయండి. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే చేత్తో పోయే అవకాశం ఎక్కువ. టక్కున ఆగితే గీత లోతుగా ఉన్నట్టే.

తర్వాత గీతను నీళ్లతో తడపండి. తడిగా ఉన్నంతసేపూ మాయమైతే అది పై పొరలోదే. తడిపినా తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తుంటే ప్రైమర్ దాకా దిగినట్టు. దానికి పాలిష్ పనిచేయదు.

మూడోది, అది అసలు గీతేనా అన్నది చూడాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఓ తమ్ముడు ఈమధ్యే సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ‘అన్నా, డోర్ మొత్తం కొట్టించాలన్నారు’ అంటూ దిగాలుగా వచ్చాడు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే అతని నీలం డోర్ మీద జానెడు తెల్ల చార. తీరా అది పక్క బండి పెయింట్! ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డతో రుద్దితే చాలావరకు వచ్చేసింది. కింద మిగిలినవి నాలుగు సన్న గీతలు. హ్యాండిల్ వెనక గుంటలో గోళ్ల గీతలు ఎలాగూ ఉన్నాయి. అవి లేని కారు ఎక్కడుంది?

రుద్దే పద్ధతి

నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మన ఎండల్లో బానెట్ కాలిపోతుంటుంది. దాని మీద పాలిష్ పెట్టీపెట్టగానే ఎండి అంటుకుపోతుంది. పక్కనున్న రబ్బరు, నల్ల ప్లాస్టిక్ మీద పెయింటర్ల టేప్ అతికించండి.

స్పాంజ్ ప్యాడ్ మీద శనగగింజంత పాలిష్ మూడు చుక్కలు చాలు. ఒకసారికి అడుగు పొడవు, అడుగు వెడల్పు మించొద్దు. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, ఒక వరస మీద సగం ఇంకో వరస వచ్చేలా ఓ నిమిషం, రెండు నిమిషాలు రుద్దండి. వేలి మొనతో నొక్కితే అక్కడే గుంటలా మసక పడుతుంది. అరచేయి మొత్తం ఆనించి సమానంగా నొక్కాలి.

శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ అదే ఆల్కహాల్ నీళ్లతో ఒకసారి తుడవండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. పాలిష్‌లోని నూనె గీతలో నిండి, పోయిందనిపిస్తుంది. నూనె తీసేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. టార్చ్‌ను ఏటవాలుగా పట్టుకుని చూసి, ఇంకా ఉంటే మరోసారి చేయండి. అప్పటికీ పోకపోతే కొంచెం గరుకైన కాంపౌండ్, ఆపైన మళ్లీ పాలిష్. చివర్లో వ్యాక్స్ తప్పనిసరి.

డోర్ అంచులు, బాడీ మడతల మీద మాత్రం గట్టిగా రుద్దొద్దు. అక్కడ పెయింట్ త్వరగా అరుగుతుంది. ప్యాడ్‌కు మీ కారు రంగు అంటుకుంటే వెంటనే ఆపేయండి. క్లియర్ కోట్ లేని పాత తరహా పెయింటైనా అయ్యుండాలి, లేదా క్లియర్ కోట్ అరిగిపోయి రంగు దాకా వచ్చుండాలి. మ్యాట్ ఫినిష్ కార్ల జోలికి అసలు పోకండి. అక్కడ పాలిష్ పెడితే నిగనిగలాడే మచ్చ పడుతుంది.

మరి టూత్‌పేస్ట్?

అందులోనూ రాపిడి పొడి ఉంటుంది కాబట్టి చాలా సన్నని గీత కాస్త తగ్గొచ్చు. కానీ అది పళ్ల కోసం చేసింది. ఏ పేస్ట్‌లో ఎంత గరుకుందో మనకు తెలియదు, మసక మిగిలే ప్రమాదం ఉంది. కొబ్బరినూనె, కిరోసిన్ గీతను దాచేస్తాయంతే. రెండు వానలకు మళ్లీ హాజరు. గిన్నెలు తోమే పీచు సంగతి చెప్పే పనే లేదు.

ఆగాల్సిన చోట ఆగాలి

ఆ తమ్ముడి డోర్ మీద మూడు గీతలు పోయాయి. నాలుగోది గోరుకు తగులుతోంది. ‘ఇంకొంచెం గట్టిగా రుద్దుదాం అన్నా’ అన్నాడు. వద్దన్నాను. దాని లోతుకు దిగాలంటే చుట్టూ ఉన్న పొరంతా అంతే పోగొట్టుకోవాలి. పైన రక్షణ లేకపోతే ఎండకు రంగు వెలిసిపోతుంది. అంచులు నున్నబడి అది ఇప్పుడు రెండడుగుల దూరానికి కనపడట్లేదు. అది చాలు.

డోర్ మొత్తం కొట్టించడం ఎందుకు ఆఖరి మాట కావాలంటే, ఫ్యాక్టరీ పెయింట్‌కు అమ్మేటప్పుడు విలువ ఉంటుంది. పాత కార్లు కొనేవాళ్లు పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తారు. ఒక్క డోర్ మీద అంకె ఎక్కువొస్తే ‘యాక్సిడెంటా?’ అనే ప్రశ్న మొదలవుతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా ఆలోచించి చేయాల్సిందే. ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం, వరుసగా ఐదేళ్లు లేకపోతే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. దాన్ని కాపాడే యాడ్ ఆన్ లేకుండా చిన్న గీతకు క్లెయిమ్ చేస్తే ఆ తగ్గింపు పోతుంది.

అన్నిటికన్నా చవకైన వైద్యం, గీత పడనీయకపోవడం. రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులపడం, ఒకే బకెట్ నీళ్లతో పది కార్లు తుడవడం.. ఎండలో కనిపించే సాలెగూడు లాంటి గీతలు ఎక్కువగా పుట్టేది అక్కడే. దుమ్ములో ఇసుక ఉంటుంది మరి. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించండి. షాంపూకు ఒకటి, గుడ్డ జాడించడానికి ఒకటి, రెండు బకెట్లు పెట్టుకోండి. కింద పడిన గుడ్డను ఉతక్కుండా మళ్లీ కారుకు ఆనించకండి.