వెనక డ్రమ్ తీసేసి డిస్క్ బ్రేకులు వేయించాలా? భానూర్ డ్యూటీ రూట్‌లో తేలిన లెక్క

జూన్‌లో మొదటి వాన పడిన రోజు. డ్యూటీ దిగి భానూర్ నుంచి లింగంపల్లి వస్తున్నా. ముందు వెళ్తున్న కంపెనీ బస్సు ఒక్కసారిగా ఆగింది. బ్రేక్ తొక్కితే పెడల్ కింద ఏబీఎస్ టకటకా కొట్టుకుంది గానీ, కారు మాత్రం ఆగీ ఆగనట్టు జారుతూ వెళ్లింది. బస్సు బంపర్‌కి ఇంకో మూరెడు దూరంలో ఆగా. చేతులు వణకడం తగ్గడానికి పది నిమిషాలు పట్టింది.

ఆ రాత్రే ఫోన్‌లో సెర్చ్ మొదలుపెట్టా. నాది పదేళ్ల సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్క్, వెనక డ్రమ్. వీడియోలన్నీ చెప్పేది ఒకటే, వెనక డ్రమ్ తీసి డిస్క్ కిట్ వేయించు, బ్రేకింగ్ మారిపోద్ది అని. ఒక షాపులో అడిగితే ఫిట్టింగ్‌తో కలిపి 35 వేలు అన్నారు. డబ్బు కట్టే ముందు అసలు లెక్కేంటో చూద్దామని కూర్చున్నా. ఆ లెక్కే ఈ ఆర్టికల్.

ఈ రూట్ గురించి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. భానూర్‌లో భారత్ డైనమిక్స్ యూనిట్ ఉంది, పక్కనే ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. ఇటు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలు. షిఫ్ట్ మారే టైమ్‌లో బస్సులు, లారీలు, కాంక్రీట్ మిక్సర్లు, వాటి మధ్యలోంచి దూరే బైకులు. లారీ టైర్ల నుంచి రాలిన మట్టి మీద వాన పడితే రోడ్డు సబ్బు రాసినట్టే. ముత్తంగి దగ్గర హైవే ఎక్కాక మళ్లీ 80 స్పీడ్. అంటే ఇక్కడ ఎవరికీ రేస్ ట్రాక్ బ్రేకులు అక్కర్లేదు. సడన్‌గా ఒక్కసారి తొక్కితే కారు నిటారుగా ఆగాలి, అంతే.

బ్రేక్ తొక్కగానే బరువు ఎటు పోతుంది?

బ్రేక్ వేస్తే మనం ముందుకు తూలుతాం కదా, కారు కూడా అంతే. 1,000 కిలోల కారు తీసుకుందాం. ఇంజిన్ ముందుంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 600 కిలోలు, వెనక 400 అనుకోండి. వీల్‌బేస్ 2,450 మి.మీ., బరువు కేంద్రం నేల నుంచి 55 సెం.మీ. ఎత్తు. పొడి రోడ్డు మీద 0.8 జీ బలంతో గట్టిగా బ్రేక్ వేస్తే దాదాపు 180 కిలోల భారం వెనక నుంచి ముందుకు మారుతుంది. ఇప్పుడు ముందు 780, వెనక 220.

అంటే మనం 35 వేలు పెట్టి బలపరచాలనుకుంటున్న వెనక చక్రాలకు, అసలు అవసరమైన టైమ్‌లో రోడ్డుని పట్టుకునే శక్తి ఐదో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. అక్కడ బ్రేక్ ఎంత పెద్దదైనా చేసేదేం లేదు, చక్రం లాక్ అయిపోతుంది. ముందు చక్రాల కంటే ముందే వెనకవి లాక్ అయితే ఇంకా ప్రమాదం, బండి వెనక భాగం పక్కకు తిరుగుతుంది. అందుకే కంపెనీలు వెనక బ్రేక్ బలాన్ని కావాలనే తక్కువ ఉంచుతాయి. దాన్ని మనం పిసినారితనం అనుకుంటాం. (కొన్నిసార్లు అది కూడా ఉంటుంది లెండి.)

ఇక్కడే నాకు అసలు విషయం వెలిగింది. ఆ రోజు ఏబీఎస్ పని చేసిందంటే అర్థం ఏంటి? నా పాత బ్రేకులకే చక్రాన్ని లాక్ చేసేంత బలం ఉందని. లోటు బ్రేక్‌లో లేదు, టైరుకీ రోడ్డుకీ మధ్య ఉంది. ఏబీఎస్ కొట్టుకుంటున్న బండికి ఇంకా బలమైన బ్రేక్ వేయడం అంటే, నెట్‌వర్క్ సిగ్నల్ లేని చోట ఫోన్‌లో ర్యామ్ పెంచడం లాంటిదే.

టైరు లెక్క చూస్తే భయమేస్తుంది

80 కి.మీ. స్పీడ్‌లో 0.8 జీతో బ్రేక్ వేస్తే 31 మీటర్లలో ఆగుతాం. మన కాలు బ్రేక్ మీదకు వెళ్లడానికి ఒక సెకన్ పడితే ఆ సెకన్‌లో పోయిన 22 మీటర్లు అదనం. ఇప్పుడు అరిగిన టైర్లు, తడి రోడ్డు, పట్టు 0.5 జీకి పడిపోయింది అనుకోండి. ఆగడానికి 50 మీటర్లు కావాలి. ఇంకోలా చెప్తా. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట, రెండో కారు ఇంకా 49 కి.మీ. స్పీడ్‌లో ఉంటుంది. ఏ డిస్క్ కిట్టూ ఇంత తేడా తీసుకురాలేదు.

నా టైర్ల పక్కన ఉన్న నాలుగు అంకెలు చూశా. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ముందు టైర్లు రెండూ 2217, అంటే 2017లో 22వ వారం. గాడి లోతు ఉందిగా అని ఇన్నాళ్లు ధీమాగా తిరిగా. రబ్బరు మాత్రం గోరు దిగనంత గట్టిపడిపోయింది.

మరి డ్రమ్ములు బాగానే ఉన్నాయా? లేవు

వెంటనే టైర్లు మార్చేసి ఊరుకునేవాణ్ణే. కానీ కిట్ గురించి అడుగుదామని తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వాడు. "డిస్క్ గిస్క్ తర్వాత సంగతి తమ్మీ. హ్యాండ్‌బ్రేక్ ఎన్ని క్లిక్కులు లేస్తుంది?" అన్నాడు. లెక్కపెడితే పది. "అయితే ముందు డ్రమ్ములు ఇప్పి చూద్దాం పట్టు."

ఎడమ వైపు వీల్ సిలిండర్ లీక్. బ్రేక్ ఫ్లూయిడ్ కారి షూ మొత్తం తడిసిపోయింది. కుడి వైపు అడ్జస్టర్ దుమ్ముతో బిగుసుకుపోయింది. అంటే నాలుగింట్లో రెండు బ్రేకులు సరిగ్గా పని చేయకుండానే నేను రోజూ హైవే ఎక్కుతున్నా. "ఇన్నాళ్లు సర్వీసింగ్‌లో ఇది చూడలేదా అన్నా?" అంటే, "డ్రమ్ము ఇప్పాలంటే టైమ్ పడుద్ది. ఎవరూ ఇప్పరు" అన్నాడు. కొత్త సిలిండర్లు, షూలు, క్లీనింగ్, అడ్జస్ట్‌మెంట్ అన్నీ కలిపినా కిట్ రేటులో పదో వంతు కూడా కాలేదు. హ్యాండ్‌బ్రేక్ ఇప్పుడు ఐదు క్లిక్కులకే పట్టేస్తోంది.

చాలామంది "డిస్క్ వేయించాక బ్రేకింగ్ అదిరింది" అనేది ఇందుకేనేమో అని నా అనుమానం. పాడైన డ్రమ్‌ని కొత్త డిస్క్‌తో పోలిస్తే ఎవరికైనా అదిరినట్టే ఉంటుంది. కొత్త షూలు వేసిన డ్రమ్‌తో పోల్చాలి కదా.

ఫ్లూయిడ్ కూడా మార్పించా. అది గాల్లో తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు వచ్చి పెడల్ మెత్తగా కిందకు పోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

కిట్ వేయిస్తే వచ్చే తలనొప్పులు

డ్రమ్‌లో ముందు వైపు షూ తిరిగే డ్రమ్‌తో పాటు లాగబడి తనంతట తానే ఇంకా బిగుస్తుంది. డిస్క్‌లో ఆ సౌకర్యం లేదు, దానికి ఎక్కువ ప్రెషర్ కావాలి. కాబట్టి మాస్టర్ సిలిండర్, ప్రెషర్ పంచే వాల్వ్, ఏబీఎస్ లెక్కలు అన్నీ డ్రమ్ కోసం సెట్ చేసినవే ఉంటే ముందు వెనకల బ్యాలెన్స్ చెడుతుంది. ఏబీఎస్ సెన్సర్ బిగించే చోటు కుదరాలి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కొత్త క్యాలిపర్‌కి సరిపోవాలి. చిన్న వీల్స్ ఉంటే డిస్క్ లోపల పట్టకపోవచ్చు. పైగా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ టైమ్‌లో మెడకు చుట్టుకునే అవకాశం ఉంది.

డ్రమ్ అంటే పాత టెక్నాలజీ అని నవ్వే వాళ్లకి ఒక మాట. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.4 ఎలక్ట్రిక్ కారు వెనక డ్రమ్ములతోనే వచ్చింది. మోటారే బండిని నెమ్మది చేసి బ్యాటరీ చార్జ్ చేస్తుంది కాబట్టి బ్రేకుల వాడకం తక్కువ. వాడని డిస్క్ తుప్పు పడుతుంది, మూసి ఉన్న డ్రమ్ పట్టదు. మన దుమ్ము రోడ్లకీ ఆ మూతే కొంత రక్ష. నీళ్లలో దిగినప్పుడు మాత్రం డిస్కే నయం, డ్రమ్ ఆరడానికి టైమ్ పడుతుంది.

ఎవరికి పనికొస్తుంది మరి? ఇంజిన్ పవర్ పెంచుకున్న వాళ్లకి, ట్రాక్‌కి వెళ్లే వాళ్లకి, నిండా మనుషులతో తరచూ శ్రీశైలం ఘాట్ దిగే వాళ్లకి. పదే పదే బ్రేక్ వేసినప్పుడు వేడిని తట్టుకోవడంలో డిస్క్ ముందుంటుంది, అది ఒప్పుకోవాల్సిందే. అయినా సరే, అదే మోడల్‌లో కంపెనీ డిస్క్‌తో ఇచ్చిన వేరియంట్ ఉంటే ఆ పార్ట్స్ సెట్ మొత్తం వాడాలి. 2017లో వచ్చిన బలెనో ఆర్‌ఎస్‌లో నాలుగూ డిస్కులే ఉన్నట్టు. కొత్త కారు కొనేవాళ్లయితే వెనక డిస్క్ కోసం పై వేరియంట్‌కి వెళ్లొద్దు, ఈఎస్‌సీ ఉందో లేదో చూడండి.

మీ బండిని మీరే టెస్ట్ చేసుకోండి

జర్మనీలోని ఆహెన్ టెక్నికల్ యూనివర్సిటీ తయారు చేసిన ఫైఫాక్స్ యాప్ ఫ్రీగా దొరుకుతుంది. ఫోన్‌ని కదలకుండా హోల్డర్‌లో బిగించి, గురుత్వం తీసేసిన యాక్సెలరేషన్ గ్రాఫ్ ఆన్ చేయండి. తెల్లవారుజామున ఖాళీ లేఅవుట్ రోడ్డులో, వెనక ఎవరూ లేరని చూసుకుని, 40 స్పీడ్ నుంచి గట్టిగా బ్రేక్ వేయండి. గ్రాఫ్ 8 దగ్గరికి వెళ్తే 0.8 జీ వచ్చినట్టే. ఏబీఎస్ కొట్టుకున్నా 5, 6 దగ్గరే ఆగిపోతే టైర్లు చూసుకోండి. ఏబీఎస్ రాకుండానే అంతే ఆగిపోతే అప్పుడు బ్రేకులు ఇప్పించండి.

రెండోది ఐఆర్ థర్మామీటర్ గన్. డ్యూటీ నుంచి ఇంటికి రాగానే వెనక డ్రమ్ములు రెండింటి మీదా ఒకే చోట గురిపెట్టండి. మెరిసే డిస్క్ మీద రీడింగ్ తప్పు వస్తుంది గానీ తుప్పు రంగు డ్రమ్ మీద బాగానే వస్తుంది. రెండింటికీ బాగా తేడా ఉంటే, చల్లగా ఉన్నది పని చేయట్లేదు, లేదా వేడిగా ఉన్నది పట్టుకుపోయింది. రిపేర్ అయిన మర్నాడు నావి చూస్తే దాదాపు సమానంగా వచ్చాయి.

కొత్త టైర్లు వేయించా, కిట్ డబ్బులో ఇంకా మిగిలింది. నిన్న డిక్కీ సర్దుతూ స్టెప్నీ మీద అంకెలు చూశా. 3814. అంటే బండి కంటే ముందు పుట్టింది. వచ్చే జీతంలో దాని పని.