నిస్సహాయులకు గ్రామసహాయము – సహకార సంఘముల కర్తవ్యము

సహకార సంఘమనగా అప్పులిచ్చి వసూలుచేయు సంస్థయని మనవారిలో పెక్కురు తలంతురు. పంటఋణములు, విత్తనములు, ఎరువులు దాని ముఖ్యకార్యములనుటకు సందేహము లేదు. అయినను 1912వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము 34వ సెక్షనునందే వేఱొక మార్గము చూపబడినది. నికరలాభములో నాల్గవవంతు రిజర్వునిధికి చేర్చిన పిమ్మట, మిగిలినదానిలో నూటికి పదింటికి మించకుండ, రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యములకు వినియోగింపవచ్చునని దాని తాత్పర్యము. అప్పు పుచ్చుకొనజాలని బీదవారిని గూర్చియు సంఘము తలంపవలెనని దీనివలన తెలియుచున్నది.

నేడు పసిబిడ్డ మొదలు ముదుసలివరకు అన్ని వయస్సులవారికిని ఏదో యొక సహాయము ఏర్పడియున్నది. అది చేరవలసిన యింటికి చేరకుండుటయే లోపము. ఒక కుటుంబమును ఊహింతము. కౌలురైతొకడు మరణించెను. వృద్ధురాలగు తల్లి, భార్య, నడువలేని పదియేండ్ల బాలుడు, రెండేండ్ల పసిపిల్ల మిగిలిరి. వీరికి గల ఆధారములెవ్వి?

వితంతువు: జాతీయ సామాజిక సహాయ కార్యక్రమము 1995 ఆగష్టు 15వ తేదీన ఆరంభమైనది. 2009లో వితంతువులకును, తీవ్రమగు అంగవైకల్యము గలవారికిని కేంద్ర పింఛనులు దానిలో చేరినవి. రాష్ట్రప్రభుత్వములును తమ సొమ్ముతో పింఛనులిచ్చుచున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో వృద్ధుల, వితంతువుల పింఛను నెలకు 3,000 రూపాయలనుండి 4,000కు పెంచబడినది. అయితే వితంతువు భర్త మరణపత్రము చూపవలెను. మరణమును 21 దినములలోపల నమోదు చేయింపవలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే నమోదు జరుగదు. దుఃఖములో మునిగిన యింటివారికి ఈ గడువు జ్ఞాపకముండునా? ఇరుగుపొరుగువారే దానిని గుర్తుంచుకొనవలెను.

పసిపిల్ల: 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమువలన అంగన్‌వాడీలు వెలసినవి. ఆఱేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, బాలింతలకును అచ్చట పోషకాహారము లభించును. టీకాలకును, ఆరోగ్యపరీక్షలకును ఏర్పాటు గలదు. బిడ్డ బరువు తూచి వ్రాయుట స్వల్పకార్యముగా తోచును గాని, బరువు పెరుగకుండుట రానున్న ఆపదకు తొలిగుర్తు. తల్లి కూలికి పోయినచో, పిల్లను తీసికొనిపోవువారు లేనిదే ప్రక్కవీధి కేంద్రమైనను దూరమే.

బాలుడు: 2016వ సంవత్సరపు చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నది. నూటికి 40 పాళ్లకు తక్కువకాని వైకల్యము గల బాలబాలికలకు 6 మొదలు 18 ఏండ్ల వయస్సువరకు ఉచితవిద్య వారి హక్కు. ఇందులకు వైద్యుల ధ్రువపత్రము మూలము. ఆసుపత్రికి పోయినప్పుడెల్ల ఆ తల్లికి దినకూలి పోవును. అందుచేతనే పెక్కురు నడుమ మానుకొందురు.

వృద్ధురాలు: పింఛనుతో పాటు ఆమెకు మఱియొక రక్షణ గలదు. 60 ఏండ్లు నిండి, స్వయముగా జీవింపజాలనివారు తమ సంతానమునుండి మనోవర్తి కోరుటకు 2007వ సంవత్సరపు చట్టము వీలు కల్పించినది. పోషింపవలెనను షరతుపై భూమిని వ్రాసియిచ్చినప్పుడు, పుచ్చుకొన్నవారు పోషింపనిచో ఆ దస్తావేజును రద్దు చేయింపవచ్చును. కావున దానపత్రము వ్రాయు రైతులెల్లరు ఆ షరతును స్పష్టముగా వ్రాయించుట మేలు.

ఇట్లు ఒక్క యింటికే నాలుగు విధముల సహాయములు గలవు. నాలుగింటికిని వేర్వేరు పత్రములు, వేర్వేరు కచ్చేరీలు. చదువురాని యొంటరి స్త్రీ వీని నన్నిటిని తిరిగి సాధించుట దుస్సాధ్యము. ప్రతి యింటి స్థితిగతులెఱిగిన మన సంఘమునకు ఇది కష్టము కాదు. ఆధారము తప్పిన కుటుంబముల పట్టికనొకదానిని సంఘము వ్రాసియుంచవలెను. వీధికొక సభ్యుడు అట్టివారి దరఖాస్తులు వ్రాయించి, వెంటబోయి, పని ముగియువరకు విచారింపవలెను. ప్రయాణపు ఖర్చులకు తమ ఉపనిబంధనలు అనుమతించినంతవరకు లాభములో కొంత కేటాయింపవలెను. ఆపదలోనున్న బాలలకై 1098, వృద్ధులకై 14567 అను టెలిఫోను సంఖ్యలను సంఘము గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

వానలు తప్పిన యేట ఏ యిల్లు ఈ పట్టికలోనికి వచ్చునో చెప్పజాలము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి తీర్మానము గావింతురని సభ్యులను కోరుచున్నాము.