వేసవి సెలవు – మధ్యాహ్నపు ముద్ద

షోలాపూరు తూర్పుభాగమున మన పద్మశాలీల పేటలలో అనేకులకు ఇల్లే మగ్గపుశాల. 2023 ఏప్రిలులో ఖార్ఘరు బహిరంగసభలో వడదెబ్బకు పలువురు మరణించిన పిమ్మట మహారాష్ట్ర ప్రభుత్వము 21వ తేదీనుండియే రాష్ట్రబోర్డు బడులకు సెలవు ప్రకటించెను. ఉద్దేశము మంచిదే. కాని బడి మూసినంతమాత్రమున బిడ్డకు నీడ దొరకునా? రేకులకప్పు క్రింద మరమగ్గముల మ్రోత నడుమకే వాడు మరలవలెను.

మరియు 2013 నాటి ఆహారభద్రతా చట్టము బడిసెలవు దినములను మినహాయించియే మధ్యాహ్నభోజనపు హక్కు నొసగినది. సెలవుతోడనే ఆ ముద్దయు నిలిచిపోవును. కరవుప్రాంతములలో వేసవి సెలవులందును భోజనము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించెను. కరవునకు చెల్లిన న్యాయము వడగాలి కేల చెల్లదు?

పాఠములు ప్రొద్దుటనే ముగియుగాక. అన్నము, త్రాగునీరు, నీడగల గది మాత్రము మూతపడరాదు. రాజధానిలోని మన న్యాయవాదులును ఉద్యోగులును ఈ మాటను అధికారుల చెవిని వేయవలెను.