పొలెంతా పక్కన ఏముంది?

ఉత్తర ఇటలీలోని వెనెతో, లొంబార్దీయా పల్లెల్లో పాతకాలం పద్ధతిలో పొలెంతా వండాలంటే ముప్పావు గంట పొయ్యి దగ్గర నిలబడాల్సిందే. రాగి గుండిగలో ఉప్పునీళ్లు మరిగాక మొక్కజొన్న రవ్వను సన్నగా జారవిడుస్తూ కర్రతో తిప్పుతారు. చెయ్యి ఆగిందా, ఉండలు కడుతుంది. రవ్వలోని పిండిపదార్థం 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే చాలు, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. కాకపోతే గట్టి గింజ నూకల నడిమి దాకా నీరు చేరడానికే అంతసేపు పడుతుంది. ముద్ద అంచులు విడిచాక చెక్కపీట మీద బోర్లించి దారంతో కోస్తారు. చాకుతో కోస్తే అంటుకుపోతుంది. మన సంకటికి దగ్గరి చుట్టమే.

పూర్వం దీన్ని వరిగలతో, బక్‌వీట్‌తో, చెస్ట్‌నట్ పిండితో చేసేవారు. 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న వచ్చింది. దిగుబడి ఎక్కువ కావడంతో 18వ శతాబ్దానికి పో నది మైదానంలోని కూలీలకు మూడు పూటలా అదే తిండైంది. గోధుమ పండించేదీ వాళ్లే, కానీ అది భూస్వామి గాదెకో సంతకో పోయేది. అప్పుడే ఒక జబ్బు వ్యాపించింది. వసంతంలో ఎండ తగలగానే చేతుల మీద, మెడ మీద చర్మం ఎర్రబడి, గరుకై, పొట్టు రాలేది. ఆ తర్వాత విరేచనాలు, మతి తప్పడం, చివరికి చావు. 1771లో మిలాన్ వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రాపొల్లి దాన్ని పెల్లాగ్రా పేరుతో గ్రంథస్థం చేశాడు. వెనిస్ దగ్గరి సాన్ సెర్వోలో దీవిలో ఉన్న మానసిక రోగుల ఆస్పత్రిలో ఈ రోగులు ఎందరో ఉండేవారు.

బూజుపట్టిన గింజలోని విషమే ఈ జబ్బుకు మూలమని ఇటలీ వైద్యుడు చెజారే లొంబ్రోజో పట్టుబట్టాడు. ఆ వాదన భూస్వాములకూ బాగానే నచ్చి ఉంటుంది: గింజలు ఆరబెట్టిస్తే సరిపోతుంది, కూలి పెంచనక్కర్లేదు!

పెల్లాగ్రాకు కారణం తిండిలో లోపమని అమెరికాలో వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ చూపాడు. కొరవడింది నయాసిన్ అనే బి3 విటమిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వేయెమ్ పరిశోధనతో తేలింది. మొక్కజొన్నలో నయాసిన్ లేక కాదు. అది చాలావరకు వేరే పదార్థాలతో బిగుసుకుని ఉంటుంది, మన పేగులు దాన్ని విడదీయలేవు. మెక్సికోలో గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బుతారు. ఆ క్షారానికి బిగువు వదులుతుంది. ఐరోపా ఓడలెక్కింది విత్తనమే, సున్నం పద్ధతి అక్కడే ఉండిపోయింది.

నయాసిన్‌కు ఇంకో దారి కూడా ఉంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి మన ఒళ్లే దాన్ని తయారు చేసుకుంటుంది, సుమారు 60 మిల్లీగ్రాములకు 1 మిల్లీగ్రాము చొప్పున. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ కూడా తక్కువే. పాలలో నయాసిన్ నామమాత్రమే అయినా ట్రిప్టోఫాన్‌కు కొదవలేదు. కనుక వల్తెల్లీనా కొండల్లో బక్‌వీట్ కలిపి, వెన్న, చీజ్ దట్టించి వండే తరాన్యా పొలెంతాను పోషణ లెక్కలో వేరే తిండిగానే చూడాలి.

దక్కనులోనూ ఇలాంటి సంగతే బయటపడింది. జొన్నే ప్రధానాహారమైన పేదల్లో పెల్లాగ్రా ఉందని 1960లో హైదరాబాద్ పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ప్రకటించారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్‌ను వారు అనుమానించారు. ఆ అనుమానం మీద శాస్త్రవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు.

ఇటలీ కూలీల పళ్లెంలోకి పాలు, మాంసం వచ్చాక జబ్బు పోయింది. పొలెంతాలో ఇప్పటికీ సున్నం కలపరు. విచెంజాలో దాని పక్కన ఎండు కాడ్ చేపను వడ్డిస్తారు, పాలు, ఉల్లిపాయలు, నూనె పోసి గంటల తరబడి మగ్గించి.