మీకు తెలుసా? సొమ్ము నగరానిది, చందా ఓటరుది

అమెరికాలోని సియాటెల్‌లో నగర ఎన్నికలు జరిగే ఏడాది ఓటర్ల ఇళ్లకు నగరపాలక సంస్థ నుంచి ఒక కవరు వస్తుంది. అందులో పాతికేసి డాలర్ల వోచర్లు నాలుగుంటాయి. వాటితో సరుకులు కొనలేరు, బ్యాంకులో వేసుకోలేరు. నచ్చిన అభ్యర్థికి ప్రచార చందాగా ఇవ్వడానికే పనికొస్తాయి. పేరు ‘డెమోక్రసీ వోచర్’.

వోచరు మీద అభ్యర్థి పేరు, తేదీ రాసి సంతకం పెట్టాలి. పోస్టులో పంపొచ్చు, ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు, గుమ్మంలోకి వచ్చిన కార్యకర్త చేతిలోనూ పెట్టొచ్చు. నాలుగూ ఒకరికే ఇచ్చినా, నలుగురికి పంచినా అడిగేవారుండరు. అమ్ముకుంటే మాత్రం ఊరుకోరు. సంతకం సరిపోల్చాకే నగరం డబ్బు విడుదల చేస్తుంది. ఎవరు ఎవరికిచ్చారో అందరూ చూడొచ్చు. ఓటుకున్న గోప్యత వోచరుకు లేదు.

ఈ సొమ్ము ఆస్తిపన్ను నుంచి వస్తుంది. మొదట ఏడాదికి 30 లక్షల డాలర్ల చొప్పున పదేళ్లు వసూలు చేసేందుకు 2015లో ఓటర్లే ఒప్పుకున్నారు. 2017 ఎన్నికల్లో వోచర్లు తొలిసారి వాడారు. మా పన్నుతో మాకు గిట్టనివాళ్ల ప్రచారమేమిటంటూ ఇద్దరు ఆస్తిదారులు కోర్టుకెక్కారు. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లో ఏకగ్రీవంగా పథకం పక్షానే తీర్పిచ్చింది.

వోచర్లు తీసుకునే అభ్యర్థికీ షరతులున్నాయి. మేయరు పదవికి పోటీపడేవారు ముందుగా కనీసం 600 మంది నుంచి సంతకాలు, చిన్న చందాలు కూడగట్టి తమకు ఆదరణ ఉందని చూపించాలి. ఖర్చుకు పరిమితి ఒప్పుకోవాలి. ప్రత్యర్థులతో బహిరంగ చర్చల్లో పాల్గొనాలి.

మన దేశంలోనూ ప్రచారానికి ప్రభుత్వ సాయం కొంత ఉంది. అది డబ్బు రూపంలో కాదు. గుర్తింపు పొందిన పార్టీలకు ఎన్నికలప్పుడు దూరదర్శన్, ఆకాశవాణిలో ఉచితంగా సమయమిస్తారు. కొంత అందరికీ సమానంగా, మిగతాది గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి. అభ్యర్థుల ఖర్చును ప్రభుత్వం వస్తురూపంలో భరించాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ సూచించింది. నగదు మాత్రం వద్దంది. మొత్తానికి మన దగ్గర ఉచిత సమయంలో వాటా తేల్చడంలో పాత ఓట్లదే పెద్ద చెయ్యి. కొత్త పార్టీ వెనకబడే ఉంటుంది. సియాటెల్‌లో ఆ లెక్క ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి మొదలవుతుంది, తేల్చేదీ ఓటరే.

ఇంకో విశేషం. గ్రీన్‌కార్డు ఉన్నవారికి అక్కడ ఓటు లేదు గానీ, దరఖాస్తు చేసుకుంటే వోచర్లు దక్కుతాయి. హెచ్1బి వీసాదారులకు ఆ అవకాశమూ లేదు. పక్కనున్న బెల్‌వ్యూలోనో రెడ్మండ్‌లోనో కాపురముంటూ ‘మావాడు సియాటెల్‌లో ఉన్నాడు’ అనిపించుకునే మనవాళ్లకు గ్రీన్‌కార్డు ఉన్నా, పౌరసత్వమే వచ్చినా ఈ కవరు రాదు. అవి వేరే నగరాలు, వాటి మేయర్లు వేరు, ఈ పథకం అక్కడ లేదు.